ఆడేది ఏడుగురు.. సీట్లు పన్నెండే!

2024 జులై ఆఖరి వారం. శుక్రవారం సాయంత్రం మా ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది. కొత్త ప్రాజెక్టుకు తీసుకున్న ఎనిమిది మంది పేర్లు అందులో ఉన్నాయి. పైనుంచి కిందికి చదివాను. మళ్లీ కిందినుంచి పైకి చదివాను. నా పేరు లేదు.

లీడ్ దగ్గరికి వెళ్లి అడిగేశాను. ‘అన్నా, నా కోడ్‌లో ఏమన్నా తప్పుందా?’ అని. ఆయన కుర్చీ నా వైపు తిప్పి, ‘నీ కోడ్ బానే ఉంటుంది తమ్ముడూ. కానీ ఉన్నది ఎనిమిది సీట్లే. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవరో ఒకరు లేచి చూడాలి. నీకు స్క్రీన్ మీద కనిపించేది తప్ప దాని వెనకున్నది రాదు కదా’ అన్నారు. కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

మర్నాడు శనివారం. రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఒలింపిక్స్ పెట్టుకుని పడుకున్నా. పారిస్‌లోని స్టాడ్ డి ఫ్రాన్స్‌లో పురుషుల రగ్బీ సెవెన్స్ ఫైనల్ జరుగుతోంది. ఫ్రాన్స్, ఫిజీ. రగ్బీ గురించి అప్పటికి నాకు తెలిసింది శూన్యం. కామెంటేటర్ చెప్పిన ఒక మాట మాత్రం లేపి కూర్చోబెట్టింది. ప్రపంచంలో అత్యుత్తమ రగ్బీ ఆటగాళ్లలో ఒకడని అందరూ చెప్పే ఆంటోయిన్ దుపోన్.. ఫైనల్ మొదటి సగంలో బెంచీ మీద ఉన్నాడట! అదీ సొంత దేశంలో, సొంత జనం ముందు.

అంతటివాణ్ని బయట కూర్చోబెట్టే ఆట ఏంటి అసలు? ఈ జట్ల లిస్టు ఎవరు, ఏం చూసి తయారుచేస్తారు? ఆ రాత్రి మొదలైన వెతుకులాట నెలల పాటు సాగింది. లిస్టులో పేరు లేని ప్రతి ఒక్కరికీ పనికొచ్చేది ఇందులో చాలా ఉందనిపించింది. అందుకే ఈ కథనం.

ముందు లెక్క చూద్దాం

మామూలు రగ్బీలో జట్టుకు 15 మంది. సెవెన్స్‌లో ఏడుగురే. కానీ గ్రౌండ్ మాత్రం చిన్నది కాదు. అదే 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. అంటే 7,000 చదరపు మీటర్లు. 15 మంది పంచుకుంటే తలా 467 చదరపు మీటర్లు కాపాడుకోవాలి. ఏడుగురైతే తలా వెయ్యి. అక్కడే ఆట మారిపోతుంది. ఒక్కడు టాకిల్ మిస్ చేస్తే వెనక ఇంకెవరూ ఉండరు. అవతలివాడు నేరుగా గీత దాటేస్తాడు.

టైమ్ చూస్తే ఏడు నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ‘ఓస్, పద్నాలుగు నిమిషాలేగా’ అనుకోకండి. ఆటగాళ్ల జెర్సీ లోపల, రెండు భుజాల మధ్య ఒక చిన్న జీపీఎస్ పరికరం ఉంటుంది. ఎంత దూరం పరిగెత్తారు, ఎంత వేగంతో, ఎన్నిసార్లు.. అంతా రికార్డవుతుంది. సెవెన్స్‌లో నిమిషానికి సుమారు వంద మీటర్లు కదలాల్సి వస్తుంది. అదీ తిన్నగా జాగింగ్ కాదు. పరుగు, ఢీ, కిందపడటం, లేవడం, మళ్లీ పరుగు.

ఒలింపిక్స్‌లో పతకం దాకా వెళ్లాలంటే మూడు ఆట రోజుల్లో ఆరు మ్యాచ్‌లు ఆడాలి. రియోలో ఈ మొత్తం పనికి ఒక దేశానికి ఇచ్చిన సీట్లు పన్నెండు. ఏడుగురు గ్రౌండ్‌లో, ఐదుగురు బయట. వాళ్లు కాక కొంతమంది రిజర్వ్ ఆటగాళ్లు జట్టుతో పాటు ప్రయాణిస్తారు. ఎవరికైనా గాయమైతేనే వాళ్లకు పిలుపు. లేకపోతే అంత దూరం వెళ్లి, అన్ని నెలలు కష్టపడి, జెర్సీ వేసుకోకుండానే ఇంటికొస్తారు.

ఒక్కొక్కరికి రెండు ఉద్యోగాలు

ఏడుగురిలో ముగ్గురు ఫార్వర్డ్‌లు, నలుగురు బ్యాక్‌లు. ఫార్వర్డ్‌లు అంటే స్క్రమ్‌లో తలలు దూర్చి తోసేవాళ్లు. బ్యాక్‌లు అంటే బంతి అందుకుని పరిగెత్తేవాళ్లు. పేపర్ మీద అంతే. గ్రౌండ్‌లో మాత్రం ఈ గోడలేవీ ఉండవు. స్క్రమ్‌లో తోసే భారీ మనిషి మరుసటి క్షణంలో అరవై మీటర్లు పరిగెత్తాలి. మెరుపులాంటి వింగర్ తనకంటే ఇరవై కిలోలు బరువున్న వాణ్ని ఒంటరిగా పడగొట్టాలి.

ఇంకో వింత రూల్ ఉంది. సెవెన్స్‌లో స్కోర్ చేసిన జట్టే మళ్లీ కిక్ కొట్టి ఆట మొదలుపెడుతుంది. బంతి గాల్లోకి లేచినప్పుడు దాన్ని ఎగిరి అందుకునేవాడు లేకపోతే, మీరు పాయింట్లు ఇచ్చారు, బంతీ మళ్లీ వాళ్లకే ఇచ్చారు. రెండు నిమిషాల్లో పద్నాలుగు పాయింట్లు పోతాయి. కాబట్టి గాల్లో బంతి పట్టే మనిషి ఒకడు కచ్చితంగా కావాలి. అతనికి గాయమైతే? ఇంకొకడు కావాలి. ట్రై చేశాక రెండు పాయింట్ల కన్వర్షన్‌ను ఇక్కడ బంతిని నేలకు తాకించి డ్రాప్ కిక్‌గానే కొట్టాలి. దానికీ ఒకడు. అతను బెంచీ మీద ఉన్నప్పుడు? ఇంకొకడు.

ఇంజినీరింగ్ బుర్ర కదా, నేనైతే దీన్ని ఒక ఎక్సెల్ షీట్‌లా ఊహించుకున్నాను. పన్నెండు వరసలు, పది కాలమ్‌లు. స్క్రమ్, పరుగు, గాల్లో బంతి, డ్రాప్ కిక్, రెండు చేతుల వైపూ పాస్, ఒంటరి టాకిల్.. ఇలా. కోచ్ చూసేది ‘ఈ వరసలో ఎన్ని టిక్కులు ఉన్నాయి’ అని మాత్రమే కాదు. ‘ఏ కాలమ్ అయినా ఖాళీగా ఉందా, ఏ కాలమ్‌లో అయినా ఒకే ఒక్క టిక్కు ఉందా’ అని. ఒక్క టిక్కే ఉంటే ఆ ఒక్కడు పడిపోయిన రోజు జట్టు మొత్తం పడిపోతుంది. సర్వర్ల భాషలో బ్యాకప్ లేని సిస్టమ్ అన్నమాట.

పెద్ద పేర్లు, చిన్న లిస్టు

రగ్బీ సెవెన్స్ పాత ఆటే. 1883లో స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్ అనే చిన్న ఊళ్లో, క్లబ్బుకు డబ్బులు సరిపోక, నెడ్ హేగ్ అనే మాంసం కొట్టు కుర్రాడు ఇచ్చిన ఐడియాతో పుట్టింది. 1976లో హాంకాంగ్ టోర్నీ దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఒలింపిక్స్‌లో మాత్రం 2016లో రియోతోనే అడుగుపెట్టింది. పన్నెండు దేశాలు, దేశానికి పన్నెండు మంది. పురుషులు 144, మహిళలు 144.

ఒలింపిక్స్ అనగానే మామూలు రగ్బీలోని మహామహులకూ ఆశ పుట్టింది. దక్షిణాఫ్రికాకు చెందిన బ్రయన్ హబానా 2007 ప్రపంచ కప్ విజేత. ప్రపంచ కప్‌లలో 15 ట్రైలతో జోనా లోము సరసన నిలిచినవాడు. సెవెన్స్ జట్టులోకి రావాలని ప్రయత్నించాడు. లిస్టు వచ్చింది, పేరు లేదు. ఆయన లేని ఆ జట్టు కాంస్యం తెచ్చుకుంది.

జారిడ్ హేన్ కథ ఇంకా ఆసక్తికరం. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ స్టార్. అది వదిలి అమెరికా వెళ్లి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కు ఆడాడు. 2016 మేలో దానికీ గుడ్‌బై చెప్పి, తండ్రి వైపు మూలాలున్న ఫిజీ తరఫున ఒలింపిక్స్ ఆడతానని వచ్చాడు. లండన్ టోర్నీలో ఆడించి చూశారు. రియో లిస్టులో పేరు లేదు. ఆటల మధ్య ఇన్ని గోడలు దూకినవాడికి కూడా రెండు నెలల టైమ్ సరిపోలేదు.

మరి అమెరికా ఫుట్‌బాల్ నుంచే వచ్చిన నేట్ ఎబ్నర్‌కు ఎలా దొరికింది సీటు? న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌తో సూపర్ బౌల్ గెలిచిన అతను సెలవు పెట్టి వచ్చి, అమెరికా జట్టులో చోటు సంపాదించి రియోలో ఆడాడు. తేడా ఎక్కడుందంటే, ఎబ్నర్ టీనేజ్‌లోనే అమెరికా సెవెన్స్ జట్టుకు ఆడాడు. ఆ పునాది ఎక్కడికీ పోలేదు. కొత్తగా నేర్చుకోవడం వేరు, పాత విద్యకు దుమ్ము దులపడం వేరు.

న్యూజిలాండ్ కథలో ఇంకో కోణం. రెండుసార్లు ప్రపంచ కప్ గెలిచిన సోనీ బిల్ విలియమ్స్‌ను తీసుకున్నారు. జపాన్‌తో మొదటి మ్యాచ్‌లోనే అతని మడమ పైనున్న అకిలీస్ నరం తెగింది. ఆ మ్యాచ్‌లో జపాన్ 14-12తో న్యూజిలాండ్‌ను ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. తప్పు విలియమ్స్‌ది కాదు, సెలెక్టర్లదీ కాదు. పన్నెండులో ఒకటి పోతే లోటు ఎంత పెద్దదో మాత్రం అక్కడ తెలిసింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. హబానా చెడ్డ ఆటగాడని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. ఆ పన్నెండు మంది పక్కన, ఆ ఆరు మ్యాచ్‌ల కోసం ఎవరు అతుకుతారన్నదే ప్రశ్న. లిస్టు మీ ప్రతిభ మీద తీర్పు కాదు. ఖాళీల మీద లెక్క. ఈ రెండూ ఒకటే అనుకున్నప్పుడే మనకు నిద్ర పట్టదు.

ఏడు డాలర్ల నోటు మీద జట్టు

ఇప్పుడు ఫిజీ. దక్షిణ పసిఫిక్‌లో సుమారు తొమ్మిది లక్షల జనాభా ఉన్న ద్వీప దేశం. మనకు మరీ పరాయిదేం కాదు. చెరకు తోటల్లో పనిచేయడానికి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 1903 తర్వాత ఓడలెక్కిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ దేశంలో సెవెన్స్ అంటే మన దగ్గర క్రికెట్ కంటే ఎక్కువ.

2013లో ఇంగ్లండ్ నుంచి బెన్ రయాన్ కోచ్‌గా వెళ్లాడు. రగ్బీ సంఘం దగ్గర డబ్బుల్లేవు. తొలి నెలల్లో ఆయనకు జీతం కూడా అందలేదు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను దేశాన్ని కుదిపేసింది. ఆరు నెలలు తిరక్కుండా ఒలింపిక్స్.

రయాన్ ఎంపికల్లో నాకు బాగా నచ్చింది జెర్రీ టువై. రాజధాని సువా దగ్గర్లోని న్యూటౌన్ అనే పేద బస్తీలో పెరిగాడు. ‘పొట్టిగా ఉన్నాడు’ అని అంతకుముందు పక్కన పెట్టారు. రయాన్ ఎత్తు చూడలేదు. ఎదుటివాణ్ని ఏమార్చే అతని కాళ్లను చూశాడు. 2014లో, పాతికేళ్ల వయసులో, టువైకి జాతీయ జట్టు తలుపు తెరుచుకుంది.

రియోకు వెళ్లిన పన్నెండు మందిలో ఫ్రాన్స్‌లోని టులాన్ క్లబ్బుకు ఆడే జోసువా టుయిసోవా, స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు ఆడిన లియోనె నకరావా లాంటి ప్రొఫెషనల్స్ ఉన్నారు. వాళ్ల పక్కనే టువై. కెప్టెన్ ఒసేయా కోలినిసౌ. ఫైనల్లో గ్రేట్ బ్రిటన్ మీద మొదటి సగం ముగిసేసరికి స్కోరు 29-0. చివరికి 43-7. ఫిజీకి ఒలింపిక్స్ చరిత్రలోనే అది మొట్టమొదటి పతకం, అదీ స్వర్ణం. ఆటగాళ్లు మోకాళ్ల మీద కూర్చుని పతకాలు అందుకున్నారు. ఆ తర్వాతి ఏడాది దేశ రిజర్వ్ బ్యాంకు ఈ విజయం గుర్తుగా ఏకంగా ఏడు డాలర్ల నోటు ముద్రించింది. ఒక వైపు కోలినిసౌ, మరో వైపు బెన్ రయాన్.

కథ అక్కడితో అయిపోలేదు. టోక్యోలో ఫిజీ మళ్లీ గెలిచింది, న్యూజిలాండ్ మీద 27-12తో. రియో జట్టులోంచి టోక్యోలోనూ ఆడింది ఒక్కడే. ఒకప్పుడు పొట్టి అని వద్దన్న టువై, ఈసారి కెప్టెన్! కొవిడ్ ఆంక్షల వల్ల నెలల తరబడి కుటుంబాలకు దూరంగా ఉన్న ఆ జట్టు, ఎక్కువగా గడ్డకట్టిన చేపల్ని మోసే సరకు విమానంలో జపాన్ వెళ్లింది. 2024 పారిస్‌లోనూ టువై ఉన్నాడు, ఈసారి రజతం. ఆ జట్టుకు కోచ్ ఎవరో తెలుసా? రియో కెప్టెన్ కోలినిసౌ.

ఆట మారినవాళ్లు

2009లో ఒలింపిక్ కమిటీ సెవెన్స్‌ను ఆమోదించగానే చాలా దేశాలకు ఒక సమస్య ఎదురైంది. మహిళల జట్లకు అప్పటికి తగినంత మంది ఆటగాళ్లే లేరు. చేతిలో ఉన్నది ఏడేళ్లు. ఏం చేశారు? ఇతర ఆటల్లో వెతికారు.

న్యూజిలాండ్ ‘గో ఫర్ గోల్డ్’ పేరుతో 2012లో దేశమంతా ట్రయల్స్ పెట్టింది. రగ్బీ ఆడిందా లేదా అని కాదు, పరిగెత్తగలదా, నేర్చుకోగలదా అని చూశారు. అలా నెట్‌బాల్ నుంచి వచ్చినామె పోర్షియా వుడ్‌మన్. రియోలో రజతం, టోక్యోలో స్వర్ణం, పారిస్‌లో మళ్లీ స్వర్ణం. ఆస్ట్రేలియా జట్టులో క్లోయీ డాల్టన్ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చింది. ఇంకొందరు టచ్ ఫుట్‌బాల్ నుంచి. రియో ఫైనల్లో న్యూజిలాండ్‌ను 24-17తో ఓడించి తొలి మహిళా స్వర్ణం ఆ జట్టే గెలిచింది.

అమెరికన్ కార్లిన్ ఐల్స్ వంద మీటర్ల స్ప్రింటర్. తన దేశంలో ఒలింపిక్స్‌కు ఎంపికయ్యే స్థాయికి కొంచెం వెనకే ఉండిపోయాడు. 2012లో ఇంటర్నెట్‌లో సెవెన్స్ వీడియో చూసి, రగ్బీ వాళ్లను సంప్రదించి, అదే ఏడాది జాతీయ జట్టుకు ఆడేశాడు. రియోకూ, టోక్యోకూ వెళ్లాడు. పెర్రీ బేకర్‌ను మోకాలి గాయం ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి బయటకు పంపింది. సెవెన్స్‌లో 2017, 2018.. వరసగా రెండేళ్లు ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యాడు.

‘మరి హేన్‌కు ఎందుకు కుదరలేదు?’ అని మీరు అడగొచ్చు. కారణం సెలెక్టర్లకే తెలియాలి. బయటికి కనిపించే తేడా మాత్రం సమయం. వుడ్‌మన్, డాల్టన్, ఐల్స్ అందరూ ఒలింపిక్స్‌కు ఏళ్ల ముందే వచ్చి, సున్నా నుంచి నేర్చుకున్నారు. స్కిల్ ఒక రంగం నుంచి ఇంకో రంగానికి వస్తుంది. కానీ కొరియర్‌లో మర్నాడే రాదు.

దుపోన్ కట్టిన బిల్లు

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. దుపోన్‌ది సెవెన్స్ కాదు, పదిహేను మంది రగ్బీ. ఒలింపిక్స్ కోసం అతను 2024 సిక్స్ నేషన్స్ టోర్నీనే వదులుకున్నాడు. ఐరోపాలో రగ్బీ ఆడేవాడికి అది ఎంత పెద్ద త్యాగమంటే, మన క్రికెటర్ ఒకడు ఐపీఎల్ సీజన్ మానేసినట్టు. వాంకోవర్, లాస్ ఏంజెలెస్ టోర్నీల్లో అందరిలాగే ఆడి నేర్చుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఫ్రాన్స్ 19 ఏళ్ల తర్వాత ఒక సిరీస్ టోర్నీ గెలిచింది.

అంత చేసి వచ్చినా, ఫైనల్లో బెంచీ మీద కూర్చున్నాడు. విరామానికి 7-7. అప్పటికి ఫిజీ ఒలింపిక్స్‌లో ఆడిన 17 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. రెండో సగం మొదలవుతూనే దుపోన్ దిగాడు. ఎడమ అంచున దూసుకెళ్లి, ఆరోన్ గ్రాండిడియే ట్రై చేసేలా బంతి ఇచ్చాడు. ఆ తర్వాత తనే రెండు ట్రైలు. ఫ్రాన్స్ 28, ఫిజీ 7. ఎదుటివాళ్ల కాళ్లు బరువెక్కే సమయానికి తాజా కాళ్లతో దిగాడు. బెంచీ కూడా ఒక పొజిషనే అని నాకు అప్పుడే తెలిసింది.

లిస్టే లేకుండా పోతే?

ఇదంతా వింటే జట్టులోకి వస్తే చాలు, జీవితం సెటిల్ అనిపిస్తుంది. అదీ నిజం కాదు. 2020 ఆగస్టులో, కొవిడ్ నష్టాల పేరుతో, ఇంగ్లండ్ రగ్బీ సంఘం తన సెవెన్స్ ఆటగాళ్ల కాంట్రాక్టులు ఆపేసింది. ఒలింపిక్స్‌కు ఏడాది కూడా లేదు. జాతీయ జట్టు ఆటగాళ్లు ఒక్కసారిగా నిరుద్యోగులు. కొందరు వేరే పనులు వెతుక్కున్నారు. తర్వాత లాటరీ నిధుల సాయంతో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ ఆటగాళ్లను కలిపి గ్రేట్ బ్రిటన్ జట్టును మళ్లీ కూడగట్టారు. టోక్యోలో పురుషులు, మహిళలు రెండు జట్లూ సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో ఆగాయి. చేతులదాకా వచ్చి జారిన పతకం అది.

లేఆఫ్ మెయిల్ ఎలా ఉంటుందో తెలిసిన మన తరానికి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

దీనికి రివర్స్ కథ కూడా ఉంది. పారిస్‌లో మహిళల కాంస్య పోరు. ఆస్ట్రేలియా 12-7తో ముందుంది. ఆఖరి క్షణాలు. అమెరికాకు చెందిన అలెక్స్ సెడ్రిక్ తన గీత దగ్గర్నుంచే బయల్దేరి, గ్రౌండంతా దాటి ట్రై చేసి, కన్వర్షన్ కూడా తనే కొట్టింది. 14-12. అమెరికా సెవెన్స్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం. వెంటనే వ్యాపారవేత్త మిషెల్ కాంగ్ ఆ మహిళల జట్టుకు నాలుగేళ్లలో 40 లక్షల డాలర్లు ఇస్తానని ప్రకటించారు. పరుగు తీసింది ఒక్కరు. దాని ఫలితం ముందు ముందు లిస్టుల్లోకి రాబోయే అమ్మాయిలందరికీ.

మన దగ్గర సీన్ ఏంటి?

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ మన గడ్డ మీదే జరిగింది, భారత జట్టూ ఆడింది. మహిళల జట్టు ఆసియా స్థాయిలో నిలదొక్కుకుంటోంది. 2022లో జకార్తాలో జరిగిన ఆసియా రగ్బీ సెవెన్స్ ట్రోఫీలో రజతం తెచ్చింది. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివిన ఆదివాసీ అమ్మాయిలు జాతీయ జట్టుకు ఆడారు. బిహార్‌కు చెందిన స్వీటీ కుమారి అథ్లెటిక్స్ ట్రాక్ నుంచి రగ్బీకి మారి దేశానికి ఆడింది.

2025 జూన్‌లో ముంబయిలోని అంధేరీలో జీఎంఆర్ రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. ఏడుగురి ఆటే. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఫిజీ, న్యూజిలాండ్ లాంటి దేశాల ఆటగాళ్ల పక్కన మన కుర్రాళ్లు నిలబడి ఆడారు. ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లు ఒకసారి ఈ ఆట చూడండి. ఒంటరిగా మనిషిని పట్టి పడగొట్టడం, ఊపిరి ఆపుకుని దూకడం, కాళ్ల మాయ.. చాలా పరిచితంగా అనిపిస్తుంది.

ఆడేవాళ్లకే కాదు, ఆడనివాళ్లకూ ఇక్కడ పనుంది:

- పెర్ఫార్మెన్స్ అనలిస్ట్: జీపీఎస్ డేటా, మ్యాచ్ వీడియో కలిపి చూసి కోచ్‌కు చెప్పే పని. పైథాన్, ఎక్సెల్, కొంచెం స్టాటిస్టిక్స్ వస్తే సగం దూరం వచ్చినట్టే. మిగతా సగం ఆట అర్థం చేసుకోవడం.
- స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్, ఫిజియో: ఫిజియోథెరపీ, ఫిజికల్ ఎడ్యుకేషన్ చదివినవాళ్లకు. మూడు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు ఆడించాలంటే వీళ్లు లేకుండా కుదరదు.
- రిఫరీ, కోచింగ్: నియమాలు, భద్రత మీద వరల్డ్ రగ్బీ ఆన్‌లైన్‌లో ఉచితంగా మాడ్యూల్స్ ఇస్తోంది. ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు.

ఒక్క మాట నిజాయతీగా చెప్పాలి. మన దేశంలో రగ్బీ మీదే బతకగలిగే ఉద్యోగాలు ఇప్పటికి తక్కువ. కానీ అనలిస్ట్ పని రగ్బీకే పరిమితం కాదు. ఇక్కడ నేర్చుకున్నది కబడ్డీకీ, ఫుట్‌బాల్‌కూ, క్రికెట్‌కూ పనికొస్తుంది.

మీ పేరు లేనప్పుడు..

ఈ జట్ల కథలన్నీ చదివాక నేను చేసిన పని ఒక్కటే. పాత ఎక్సెల్ షీట్ తెరిచి, మా టీమ్‌కు కావాల్సిన పనులన్నీ కాలమ్‌లుగా పెట్టుకున్నా. నా వరసలో ఒకటే టిక్కు ఉంది. పైగా ఆ పని ఇంకో ముగ్గురికీ వచ్చు. ఒకే ఒక్క టిక్కు ఉన్న కాలమ్‌లు రెండు కనిపించాయి: డేటాబేస్, రాత్రి డ్యూటీ సపోర్ట్. అవి ఎవరికీ ఇష్టం లేని పనులు. అందుకే ఖాళీగా ఉన్నాయి.

మీరూ ప్రయత్నించి చూడొచ్చు. క్యాంపస్ హ్యాకథాన్ టీమ్ అయినా, ఆఫీస్ ప్రాజెక్టు అయినా ‘నేను ఎంత బాగా చేస్తాను’ అన్నదాంతో పాటు ‘నేను లేకపోతే ఏది ఆగిపోతుంది’ అని అడగండి. ‘ఏమీ ఆగదు’ అని జవాబు వస్తే బాధపడక్కర్లేదు. ఏం నేర్చుకోవాలో తెలిసినట్టే.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో లిస్టు వచ్చింది. ఈసారి నా పేరు ఉంది. చిట్టచివర, పక్కనే ‘బ్యాకప్’ అని రాసి. మా అమ్మకు ఫోన్ చేసి చెబితే, ‘బ్యాకప్ అంటే ఏంట్రా, ప్రమోషనా?’ అంది. కాదమ్మా, రిజర్వ్ ప్లేయర్‌ని అన్నాను. ‘సరే, అన్నం తిని వెళ్లు, ఎప్పుడు పిలుస్తారో ఏమో’ అంది.

మూడో వారంలోనే పిలిచారు. రాత్రి రెండు గంటల పది నిమిషాలకు.